వైడు లెన్సు కోసం విజయనగరం దాకా

మా ఇంటి ముందుగదిలో నేను తీసిన ఫొటోల మధ్య నేను తీయని ఫొటో ఒకటి వేలాడుతోంది. ఈ ప్రయాణానికి కారణం అదే.

శ్రీకాకుళంలో నాకు చిన్న స్టూడియో ఉంది. పదేళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్నాను. మొన్న మాఘమాసంలో మా మరదలి పెళ్ళి కూడా నేనే తీశాను. ఆ పెళ్ళికి నా భార్య పార్వతి పినతల్లి కొడుకు సూరి చుట్టంగా వచ్చాడు. అతనికీ మా ఊళ్ళోనే స్టూడియో ఉంది. నాకంటే ఆరేళ్ళు చిన్న, పనిలోకి వచ్చి నాలుగేళ్ళే. వచ్చినవాడు భోంచేసి వెళ్ళక, తన కెమెరాకి వైడు లెన్సు తగిలించి నాలుగే నాలుగు ఫొటోలు తీశాడు. మామూలు లెన్సులో నలుగురు పట్టే చోట వైడు లెన్సులో ఎనమండుగురు పడతారు. ఇరుకు పందిట్లో గోడకి వీపు ఆనించి తీసినా, పీటల మీది పెళ్ళికూతురి నుంచి గుమ్మంలో నిలబడ్డ ముసలమ్మ దాకా అందరూ వచ్చేస్తారు.

“మీరు తీసిందాన్లో మా అమ్మ మోచెయ్యొక్కటే పడినాది. సూరి తీసిందాన్లో సూడండి, ఎంత బాగా నవ్వుతన్నాదో” అంది పార్వతి. అని ఊరుకోలేదు. దానికి ఫ్రేము కట్టించి మా గోడకే తగిలించింది. వచ్చినవాళ్ళంతా దాని దగ్గరే ఆగి, “ఇది మీరు తీసిందేనా?” అని అడుగుతారు. కాదని నేనే చెప్పాలి.

ఆ తర్వాత నరసన్నపేట నుంచి ఒక రైతు వచ్చాడు. వైశాఖంలో ఆయన కూతురి పెళ్ళి. “మావోలు ముప్పైమంది దాకా ఉంటారు. అందరూ పడాల. ఆ సూరిబాబు తీసినట్టు తియ్యగలవా? సెప్పు, నేదంటే ఆయన్నే పిలుస్తాం” అన్నాడు. తీస్తానన్నాను. నా దగ్గర ఉన్నది లెన్సు మార్చుకునే కెమెరాయే కాని, మార్చడానికి రెండో లెన్సు లేదు.

అదే వారంలో ఫొటో కాగితాలు అమ్మే ఆయన స్టూడియోకి వచ్చి ఒక కబురు చెప్పాడు. విజయనగరంలో కోటకి దగ్గర వీధిలో కామేశ్వరమ్మగారని ఒకావిడ ఉన్నారు. భర్త ఫొటోగ్రాఫరు, రెండేళ్ళ కిందట పోయారు. ఆయన లెన్సులు రెండు అమ్మాలనుకుంటున్నారు, రెండూ నా కెమెరాకి సరిపోతాయి. మరునాడే బయల్దేరాను. పార్వతితో మాత్రం ఫొటో కాగితాలకీ, ఫొటోలు కడిగే మందులకీ వెళ్తున్నానని చెప్పాను. సూరిదీ నాలాంటి కెమెరాయే, వాడి చెవిని పడితే వాడే ముందు పరిగెత్తుతాడని నా భయం.

ఉదయం అయిదున్నరకి బస్సెక్కి ఆమదాలవలసలో దిగాను. శ్రీకాకుళం రోడ్డు స్టేషను అక్కడే. మూడో తరగతి టిక్కెట్టు రూపాయిన్నర దాటింది. ఏడింటికి రావలసిన పాసింజరు ఏడూ ఇరవైకి వచ్చింది. ఈ దారిన వెళ్ళేవారు రైలు వెళ్ళే దిక్కుకి కుడివైపు కూర్చుంటే పొద్దున్న ఎండ మొహాన కొట్టదు. నాకు ఎడమవైపే చోటు దొరికింది.

పొందూరులో ఒకావిడ ఎండుచేపల గంప ఎత్తుకుని ఎక్కి, నా ఎదుట కింద కూర్చుంది. నోట్లో అడ్డపొగ, చుట్ట నిప్పుకొన లోపలికి పెట్టి కాలుస్తోంది. చీపురుపల్లి సంతకి వెళ్తోందట. నా ఒళ్ళో సంచి చూసి, “ఏటి బావూ, అంత బద్రంగా పట్టుకున్నావు?” అని అడిగింది.

“కెమెరా. పెళ్ళిళ్ళలో ఫొటోలు తీస్తాను.”

ఆమె చుట్ట తీసి నన్ను పరీక్షగా చూసింది. “మా పిల్ల పెల్లికీ ఒకడొచ్చినాడు. తాళి కట్టినంతసేపూ నా ముందరే నిల్సున్నాడు. నాను ఆడి ఈపు సూసినాను గానీ నా పిల్ల మెడ సూడనేదు. మీకు అంత దగ్గరెందుకు బావూ?”

పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. పదేళ్ళుగా ఎంతమంది తల్లులకి అడ్డం నిలబడ్డానో ఎప్పుడూ లెక్క వేసుకోలేదు.

చీపురుపల్లిలో ఆమె దిగిపోయింది. గరివిడిలో ఫ్యాక్టరీ పని ముగించుకున్న మనుషులు నల్లని దుమ్ము మొహాలతో ఎక్కి, నిలబడే కునుకు తీశారు. పదింటికి పావుగంట ముందు విజయనగరం చేరాం. స్టేషను బయట రెండు ఇడ్లీలు తిని, కాఫీ తాగి, రిక్షా ఎక్కాను.

కామేశ్వరమ్మగారికి యాభై ఉంటాయి. నేను వచ్చిన పని చెప్పగానే మంచినీళ్ళిచ్చి, గుడ్డసంచీలోంచి రెండు లెన్సులు తీసి బల్లమీద పెట్టారు. ఒకటి పొట్టిది, వైడు లెన్సు. రెండోది జానెడు పొడవుంది. దూరాన ఉన్నదాన్ని దగ్గరికి లాగే టెలీ లెన్సు. నేను రెంటినీ కిటికీ వెలుగుకి పట్టి లోపల చూశాను. మా సముద్రపు గాలికి లెన్సుల్లో సాలెగూడులాంటి బూజు పడుతుంది. వీటిలో ఒక్క పోగు లేదు.

“బియ్యం డబ్బాలో పెట్టి ఉంచినాను. తడి తగలనేదు” అన్నారావిడ. “ఫొటోలు ఆయన తీసీవారు. కడిగి అచ్చు వేసేదాన్ని నేను. అంచేత నాకూ కొంత తెలుసును. రెండిటి ధరా ఒకటే.”

ఒకటి కొనేపాటి డబ్బే నా దగ్గర ఉంది. నేను టెలీని పక్కకి జరిపి వైడుని చేతిలోకి తీసుకున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టి ఆపినట్టుగా అన్నారు. “అలా కొనకు బాబూ. నాలుగిళ్ళవతల పెళ్ళవుతున్నాది. నాకు కావలసినవాళ్ళే. రెండూ తగిలించి తీసి సూడు. నేను కడిగి పెడతాను. అప్పుడు సెప్పు.”

వీధి సన్నగా ఉంది. పందిరి వీధికి అడ్డంగా వేశారు. ముహూర్తం పదకొండు దాటాక. ముందు వైడు తగిలించాను. వ్యూ ఫైండరులో కన్ను పెట్టాను. పందిరి రాటకి ఆనుకుని ఉన్నాను, ఎదుట నాలుగడుగుల్లో పీటలు. అయినా పురోహితుడు, వధూవరులు, వెనక మేనమామలు, పేరంటాళ్ళు, సన్నాయి ఆయన బుగ్గలు, అన్నీ వచ్చేశాయి. ఇన్నాళ్ళూ సూరి చూసింది ఇదన్నమాట. నేను గోడలు అడ్డమని తిట్టుకుంటుంటే వాడికి గోడలే లేవు. ఆరు ఫొటోలు తీశాను.

తర్వాత టెలీ తగిలించాను. దీనికి వెనక్కి వెళ్ళాలి. వీధి దాటి ఎదురింటి అరుగు ఎక్కాను. అక్కడ నన్ను ఎవరూ పట్టించుకోలేదు. కన్ను పెట్టి అటూ ఇటూ తిప్పుతుంటే పెళ్ళికూతురి తండ్రి దొరికాడు. అప్పుడే కన్యాదానం చేసి లేచినట్టున్నాడు, పంచె అంచులు తడిగా ఉన్నాయి. ఎవరూ చూడటం లేదనుకుని అరటిబోదె చాటుకి వెళ్ళి ఉత్తరీయం కళ్ళకి అద్దుకున్నాడు. ఇంతలో ఎవరో పిలిచారు. ఆయన ఇటు తిరిగి, తడికళ్ళతోనే, వడ్డనలు సరిగా జరుగుతున్నాయా అన్నట్టు నవ్వు మొహం పెట్టాడు. మీట నొక్కాను. ఆయన మొహం తప్ప ఫొటోలో ఇంకేమీ లేదు.

ఒంటిగంటకి కామేశ్వరమ్మగారు తడి ఫొటోలు రెండు తెచ్చి, ఎండ తగలని చోట తీగకి తగిలించారు. ఒకటి వైడుది. అందరూ ఉన్నారు. చివరనున్న పేరంటాలి చెంప కాస్త సాగింది కాని, అదేమంత కనబడదు. రెండోది ఆ తండ్రి.

ఆవిడ చాలాసేపు చూసి వైడు ఫొటో చూపించి, “ఇది ఎవరైనా తీస్తారు” అన్నారు. రెండోదాని మీద వేలు పెట్టకుండానే చూపించి, “ఇది నువ్వు తీసినావు. ఈ లెన్సు నీ చేతికి కుదిరినాది బాబూ. మా ఆయన కూడా అరుగుల మీదే ఉండీవారు. ఆయన వచ్చినట్టు పెళ్ళివారికి ఫొటోలు అందాకే తెలిసీది” అన్నారు.

నా పదేళ్ళ పనిలో అలాంటి ఫొటో ఇంకోటి లేదని నాకూ తెలుసు. అయినా నరసన్నపేట రైతు మాట చెప్పాను. ముప్పైమందీ పడాలన్నాను.

“ఆ పెళ్ళి ఒక్కరోజు. లెన్సు ఇరవయ్యేళ్ళుంటాది.”

నిజం చెప్పాలంటే అప్పుడు నా మనసులో ఉన్నది ఆ రైతు కాదు. మా గోడమీది ఫొటో కనబడింది. దాని ముందు నిలబడ్డ చుట్టాలు కనబడ్డారు. సూరి చేతిలో ఉన్నది నా చేతిలో లేకపోవడం ఇక ఒక్కరోజు కూడా భరించలేననిపించింది. వైడుకే డబ్బిచ్చాను. ఆవిడ ఇంకేమీ అనకుండా గుడ్డ చుట్టి ఇచ్చారు. ఆ తండ్రి ఫొటో తీసుకెళ్ళమంటే మీ దగ్గరే ఉంచండన్నాను. ఇంట్లో దాన్ని చూసినప్పుడల్లా వదిలేసి వచ్చిన లెన్సు గుర్తొస్తుందని నా బాధ.

గంటస్తంభం దగ్గర హోటల్లో భోజనం చేశాను. పప్పు, వంకాయ కూర, గడ్డపెరుగు, అన్నీ బాగున్నాయని తర్వాత తోచింది కాని, తింటున్నప్పుడు నా చెయ్యి రెండుసార్లు సంచిలోకి వెళ్ళి లెన్సుని తడుముకుంది. ఎండ చల్లారేదాకా స్టేషనులో బెంచీ మీద కూర్చున్నాను. ముంజెలు అమ్మే ఆవిడ దగ్గర ఆరు ముంజెలు కొని అక్కడే తిన్నాను. వెనక్కి వెళ్ళే పాసింజరు అయిదుంబావుకి. రైలు కదులుతుండగా ఒక మనిషి పరిగెత్తుకొచ్చి నేనున్న పెట్టెలోకి గెంతాడు. సూరి.

“అరె బావా! నువ్వేటి ఇక్కడ?” అన్నాడు ఆయాసపడుతూనే. వాడికి నన్ను చూస్తే నిజంగానే సంతోషం. అదే నాకు ఎప్పుడూ కిట్టదు.

“కాయితాలకి వచ్చాను” అన్నాను.

వాడు నా పక్కనే ఇరుక్కుని కూర్చుని సంచి విప్పాడు. గుడ్డ తీశాడు. జానెడు లెన్సు. పొద్దున్న నేను పక్కకి జరిపిందే.

“మజ్జానం బండికి దిగినాను బావా. ఇది అమ్ముతానని కామేశ్వరమ్మగారు కార్డు రాసినారు. కొనాలా వద్దా అని రెండు మనసుల్తోనే వచ్చినాను. వైడు నా దగ్గరుందిగదా, ఇదెందుకు అనుకున్నాను. అక్కడ తీగకి ఒక ఫొటో ఎండుతన్నాది. పెల్లికూతురి తండ్రి. ఏడుస్తన్నాడు, నవ్వుతన్నాడు. పొద్దున్నెవరో వచ్చి దీంతో తీసినారట. ఎవరమ్మా అంటే మీ వైపు మనిషే అన్నాది, పేరు సెప్పనేదు.” వాడు గొంతు తగ్గించాడు. “నీ దగ్గర దాపరికమేటి బావా, ఆ ఫొటో సూసి నాకు కుళ్ళొచ్చినాది. నాలుగేళ్ళనుంచీ నాను సేస్తన్నదేటి, జనాన్ని లెక్కపెట్టడమేగదా అనిపించినాది. అప్పుడే డబ్బులిచ్చేసినాను.”

రైలు నెల్లిమర్ల దాటింది. చెప్పకపోతే వాడికి ఎప్పటికీ తెలియదు. చెబితే వాడు నన్ను ఎలా చూస్తాడో చూడాలనీ ఉంది. కొంచెంసేపటికి ఆ రెండో కోరికే గెలిచింది.

“అది నేను తీసిందేరా.”

సూరి నా మొహం చూసి, ఒళ్ళోని సంచి చూశాడు. నేను గుడ్డ విప్పి వైడు చూపించాను.

“మరి ఇదెందుకు కొన్నావు బావా? దాన్నెందుకు ఒగ్గీసినావు?” అన్నాడు. వెటకారంగా కాదు. నిజంగా అర్థంకాక అడిగాడు.

అబద్ధాలు రెండు మూడు తోచాయి. అవన్నీ పక్కన పెట్టాను. “నీ దగ్గరున్నది నాకూ కావాలనుకున్నాను. మా ఇంట్లో నీ ఫొటో పెట్టిన దగ్గర్నుంచీ అదే కావాలనుకున్నాను” అన్నాను.

గరివిడి వచ్చింది. అక్కడ జనం దిగాక సూరి తన లెన్సుని నా చేతిలో పెట్టి, “వెలుగుందిగదా, సూడు” అన్నాడు. కెమెరాకి తగిలించి కిటికీలోంచి చూశాను. చాలా దూరాన గట్టు మీద ఒకాయన బనీను దులుపుకుని వేసుకుంటున్నాడు. ఆయన మెడలోని తాడు దాకా కనబడింది. నేను ఎప్పటికి తిరిగిస్తానా అని సూరి నా చేతులకేసే చూస్తున్నాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఇన్నాళ్ళూ అది నా మొహాన ఉండేది.

“నరసన్నపేట పెల్లికి నన్నూ పిలు బావా” అన్నాడు పొందూరు దాటాక. “పేరు నీదే. ఒకలం పందిట్లో, ఒకలం అరుగు మీద.”

ఒద్దనాలని ఉంది. ఆ రైతు వాడి పేరే పొగుడుతాడని తెలుసు. కాని ఆ లెన్సు ఒక్కపూటైనా నా చేతిలోకి రావాలంటే అదొకటే దారి.

“రా. కాని అరుగు మీద నేనుంటాను. పిల్ల తండ్రిని నేనే తీస్తాను.”

“అది కుదరదు బావా. లెన్సు నాది. ఆయన్ని నాను తియ్యాల.”

“నీకు ముప్పైమంది ఉన్నారు కదురా, వాళ్ళని తీసుకో.”

“ముప్పైమందినీ నువ్వే తీసుకో. నాకు ఆయనొక్కడు సాలు.”

ఏడున్నరకి శ్రీకాకుళం రోడ్డులో దిగి బస్సెక్కాం. రెండు టిక్కెట్లూ సూరే తీశాడు. ఈ ప్రయాణంలో విజయనగరం నేను చూసింది తక్కువ. కోట గోడ పక్కనుంచి రిక్షాలో వెళ్ళి కూడా తల తిప్పి చూడలేదు. ఒక వీధి, ఒక పందిరి, ఒక మనిషి మొహం, అంతే చూసి వచ్చాను. బస్సు నాగావళి వంతెన ఎక్కేసరికి కూడా, నరసన్నపేట పెళ్ళిలో పిల్ల తండ్రి మాలో ఎవరికన్నది తేలలేదు. మా ముందు సీట్లో ఉన్న పెద్దాయన వెనక్కి తిరిగి, “ఎవరి తండ్రి గురించి బాబూ అంతలా కొట్టుకుంటన్నారు?” అని అడిగాడు.