లేదనలేని శఠగోపం మామ

శఠగోపం మామ మా పక్క వాటాలో ఉండేవారు. కొండ మీది గుడి వంటశాలలో ప్రసాదాల గంగాళాలు మోసే పని. పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో మెట్ల మీద జారి మోకాలు విరిగింది. పుత్తూరు కట్టు కట్టించుకుని నడిచారు గానీ, ఇక బరువు మోసే కాలు కాదది. సత్రంలో గదులిచ్చే కిటికీ దగ్గర కూర్చోబెడతామన్నారు పైవాళ్లు. అయితే ఉత్తరాది యాత్రికులతో ఇంగ్లీషులో నాలుగు మాటలు మాట్లాడాలి, దానికో పరీక్ష. రాకపోతే మళ్లీ గంగాళమే.

నేను ఎం.ఏ. చదువుతున్నానని సాయంత్రాలు మా అరుగు మీదికి వచ్చేవారు. మాట ముందు ఒక ముక్క తగిలిస్తే అర్థం ఎదురు తిరుగుతుంది, ఒకటి నేర్చుకుంటే రెండు వస్తాయని నా ఆలోచన. అవైలబుల్ అంటే ఉంది, అన్‌అవైలబుల్ అంటే లేదు. పాసిబుల్, ఇంపాసిబుల్. కరెక్ట్, ఇన్‌కరెక్ట్.

“అన్ను, ఇన్ను, ఇమ్ము, డిస్సు... కాదనేదానికి ఇన్ని ముక్కలెందుకమ్మాయ్? ఒకటి సాలదా ఆ దొరలకి?”

ఎందుకో నాకూ తెలియదు. పుస్తకం చూస్తే ఇంకా గజిబిజి అయింది.

మామకు అర్థాలన్నీ వచ్చాయి. పైకి అనమంటే మాత్రం ముందు ముక్క మింగేసి మిగిలింది చెప్పేవారు.

“అన్ను ఏమైంది మామా?”

“లోపలే ఉండాది” అని గొంతు చూపించేవారు.

ఒకరోజు పెరుందేవి అత్త గుమ్మంలోంచి కేకేసింది. “ఏమండీ, బియ్యం నిండుకున్నాయి. అంగడికి పోయొస్తారా?” నా వైపు తిరిగి, “పెండ్లయినకాడి నుంచి ఈయన నాకు లేదని ఒక్క మాట అన్లేదమ్మా. తెచ్చిందీ లేదనుకో!” అంది.

అప్పుడు తట్టింది నాకు. బియ్యం అయిపోతే నిండుకున్నాయని, దీపం ఆరితే కొండెక్కిందని చెప్పుకునే ఇల్లు అది. అలాంటి నోటికి నేను నేర్పుతున్నదేమిటి?

పరీక్ష రోజున సత్రం సూపరింటెండెంటు శ్రీమన్నారాయణ గారు కిటికీ వెనక నిలబడ్డారట. గదులన్నీ అప్పటికే ఇచ్చేశారు. చంకలో బిడ్డతో ఒక ఉత్తరాది ఆమె వచ్చి గది అడిగింది.

“ఆ మాట నాలిక మీదికి వచ్చేసిందమ్మాయ్. కొండకొచ్చిన మనిషి మొగాన ఎట్ట అనేది? అవైలబుల్ అన్నాను. తప్పు గదా అని, ఈవినింగ్ అని కలిపినాను. సాయంత్రానికి ఎవురో ఒకరు ఖాళీ సేస్తారు గదా. ఆయమ్మ మూట దించి కూసుంది.”

“అయితే ప్యాసేనా?”

“యాడ తెలిసింది! ఆయన తల గోక్కొని, ‘రేపు రండి స్వామీ, చూద్దాం’ అన్నాడు. దీంట్లో అన్ను ఉండాదా?”

శ్రీమన్నారాయణ గారిదీ అలాంటి ఇల్లే.

మర్నాడు మామ వెళ్లి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నారు. సాయంత్రం సూపరింటెండెంటు గారు మళ్లీ “రేపు రండి” అన్నారట. ఆ తర్వాతా అంతే. ఉద్యోగం ఖాయమని ఎవరూ అనలేదు, గంగాళం ఎత్తమనీ అనలేదు. మోకాలు మాత్రం నెమ్మదించింది.

నా చదువు ముగిసేనాటికీ ఆ కిటికీ దగ్గరే ఉన్నారు. నేను కనిపిస్తే చాలు, గొంతు తగ్గించి, “ప్యాసయినట్టా అమ్మాయ్, కానట్టా?” అనేవారు.

“రేపు చెబుతాను మామా” అనేదాన్ని.