నా వైపు ఎముకలు

మా అమ్మాయి చెయ్యి మొదటిసారి విరిగినప్పుడు డాక్టరు నన్ను అడిగాడు, "మీ ఇళ్లలో ఎవరికైనా తరచుగా ఎముకలు విరిగేవా?" అని. లేదన్నాను. నిజానికి చిన్నప్పుడు నా కాళ్లూ చేతులూ చాలాసార్లు విరిగాయి. ఊళ్లో తెలిస్తే రేపు పిల్లనివ్వరని మా అమ్మ కట్టు కట్టించడానికి నన్ను పక్క జిల్లాకు తీసుకెళ్లేది. పెళ్లిచూపుల్లో ఆ మాట రాలేదు. తర్వాత నేనూ ఎత్తలేదు.

నింద మా ఆవిడ మీద పడింది. అమీర్‌పేటలో మా ఫ్లాటుకు ఎవరొచ్చినా అమ్మ అదే చెప్పేది: "దీనికి ఫోను మీదున్న ధ్యాస పిల్ల మీద లేదమ్మా." మా ఆవిడ ఇల్లంతా రబ్బరు చాపలు పరిచింది. పాపను పార్కుకు పంపడం మానేసింది. అన్నీ చూస్తూ ఊరుకున్నాను.

కిందటేడు పాప మంచం దిగుతూ కాలు విరగ్గొట్టుకుంది. పంజాగుట్ట ఆస్పత్రిలో పిండికట్టు వేసే అతను గుర్తుపట్టాడు.

"ఏం బేటా, మళ్ల వచ్చినవా? ఈసారి రంగు కట్టు వేస్త, స్కూల్ల మస్తు ఫోజు కొట్టు."

"గులాబీ రంగు ఉందా అంకుల్?" అంది ఏడుపు ఆపి.

తర్వాత డాక్టరమ్మ నన్ను బయట ఉండమని, మా ఆవిడను లోపలికి పిలిచింది. తలుపు పూర్తిగా పడలేదు.

"ఇంట్లో పాపను ఎవరైనా కొడతారా? భయపడకుండా చెప్పండి."

మా ఆవిడ గొంతు వినిపించింది. "లేదండీ. నేనే సరిగ్గా చూసుకోవట్లేదు."

ఆ మాట తనూ నమ్మేసిందని అప్పుడు తెలిసింది. లోపలికి వెళ్లి, "ఆవిడ తప్పేం లేదు మేడమ్. నా ఎముకలూ ఇలాగే విరిగేవి" అన్నాను.

డాక్టరమ్మ టార్చి వేసి నా కళ్లు చూసింది. పాపకూ నాకూ కంట్లో తెల్లగుడ్డు కాస్త నీలంగా ఉంటుంది. ఎముకల జబ్బుకు అదో గుర్తట.

"ఎముకంటే కాల్షియం ఒక్కటే కాదు. కాంక్రీటులో చువ్వల్లా లోపల కొలాజెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. పుట్టుకతోనే అది తక్కువైతే ఎముక పెళుసుగా ఉంటుంది. రక్తపరీక్షతో తేల్చుకుందాం. మందులున్నాయి, వ్యాయామాలున్నాయి. ముందే చెప్పి ఉంటే ఎప్పుడో మొదలుపెట్టేవాళ్లం."

ఇంటికి వస్తుంటే ఆటో ట్రాఫిక్‌లో ఫ్లైఓవర్ కింద ఆగిపోయింది. "మీకు ముందే తెలుసా?" అంది మా ఆవిడ.

"అనుమానం ఉండేది."

తను మొహం అటు తిప్పుకుంది.

పరీక్షలోనూ అదే తేలింది. నలుగురిలో పడ్డ నిందకు గదిలో క్షమాపణ చెబితే చాలదనిపించింది. ఆ ఆదివారం అమ్మ మాటలు విన్న పక్క ఫ్లాట్లవాళ్లను టీకి పిలిచాను. "ఇంటి గుట్టు ఇప్పుడెందుకురా?" అని అమ్మ చెయ్యి పట్టుకుంది. విడిపించుకుని, మా ఆవిడ ఎదురుగా నిలబడ్డాను.

"పాపకు వచ్చింది నా జబ్బు. అనుమానం ఉండీ దాచాను. అమ్మ నిన్ను అంటుంటే విని ఊరుకున్నాను. నీ పెంపకంలో ఏ లోపమూ లేదు. నన్ను క్షమించు."