నల్ల గొట్టం, తెల్ల గొట్టం

ఆ రోజుల్లో మా ఇంట్లో దేవుడి మీద గాని, రాజకీయాల మీద గాని, చివరికి మా అమ్మ చేసే చారు మీద గాని గొడవలు ఉండేవి కావు. ఉన్న గొడవంతా ఒక్కటే. రైఫిల్ గొట్టాన్ని ఏ ఉక్కుతో చేస్తే ఎక్కువ కాలం మన్నుతుంది, ఏది గురి తప్పకుండా కొడుతుంది? ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు. ఎందుకంటే మా ఇంట్లో ఒక్క తుపాకీ కూడా లేదు. (దోమల్ని కొట్టే బ్యాటు ఒకటి ఉండేది. దాని గురించి ఎవరూ వాదించుకోలేదు.)

వాదించేది మా నాయన, మా మేనమామ. నాయన కోలారు బంగారు గనుల్లో, చాంపియన్ రీఫ్స్ అనే గనిలో, భూమి అడుగున, రాయికి రంధ్రాలు వేసే మిషను పట్టిన మనిషి. గనులు మూతపడ్డాక చేతులకు పని తగ్గింది గాని నోటికి తగ్గలేదు. గని కార్మికుల ఆటల పోటీల్లో రైఫిల్ కాల్చడంలో ఆయన్ని మించినవాడు లేడని ఊళ్లో పేరు. క్రోమ్‌మాలీ అనే నల్ల ఉక్కంటే ఆయనకు ప్రాణం. "దెబ్బకు ఓర్చుకునేది అదొక్కటేనప్పా" అనేవాడు. మామకేమో బంగారుపేటలో స్టీలు సామాన్ల అంగడి. ఆయన దృష్టిలో స్టెయిన్‌లెస్ కానిది లోహమే కాదు. ఇద్దరూ ఊళ్లోని రైఫిల్ క్లబ్బులో సభ్యులు. క్లబ్బంటే పెద్దగా ఊహించుకోకండి. బంగారం తీసేశాక పారబోసిన మట్టి, ఆ సైనైడ్ దిబ్బల పక్కన ఒక రేకుల షెడ్డు, ఎదురుగా మట్టి కట్ట, లోపల నాలుగు పాత రైఫిళ్లు.

ఒక వానాకాలం ఆ రేకులు కారి, ఉన్నవాటిలో మంచి రైఫిల్‌కు గొట్టం లోపల తుప్పు పట్టింది. కొత్త గొట్టం వేయించాలని క్లబ్బువాళ్లు తీర్మానించారు. ఇంక చూడండి. ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మామ చేయి కడుక్కోకముందే మొదలుపెట్టేవాడు.

"బావా, తుప్పు పట్టేదాన్ని మళ్లీ తెచ్చుకుంటారా ఎవురన్నా? స్టెయిన్‌లెస్ ఏపిద్దాం."

"నువ్వు చెంబులమ్ముకునేవాడివి. చెంబుకూ తుపాకికీ తేడా ఉండాదని ఎవురైనా చెప్పినారా నీకు?"

"చెంబు కూడా గొట్టమే కదా బావా. ఒక పక్క మూసినారు, అంతే."

మా అమ్మ ఇద్దరి కంచాల్లోనూ సంగటి ముద్దలు ధబీమని వేసి, "తుపాకులు తర్వాత కాల్చుకుందురుగాని, ముందు ఇది మింగండి" అనేది.

చివరికి క్లబ్బులో మాకు గురి నేర్పే బూదికోట నుంచి వచ్చే సుబేదారు (సైన్యంలో చేసి రిటైరైన మనిషి, తన మామిడితోట కన్నా రైఫిళ్లంటేనే ఎక్కువ ప్రేమ) ఒక దారి చెప్పాడు. బెంగళూరులో తనకు తెలిసిన క్లబ్బువాళ్లు రెండు రైఫిళ్లతో వస్తారు. ఒకే సైజువి, ఒకదానికి నల్ల గొట్టం, ఒకదానికి స్టెయిన్‌లెస్. ఇసుక మూటల మీద ఆనించి, ఒకే పెట్టెలోని తూటాలతో రెంటినీ కాల్చి చూద్దాం అన్నాడు. ఎవరు కాల్చాలి? నాయన కాలిస్తే మామ నమ్మడు, మామ కాలిస్తే నాయన నమ్మడు. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. క్లబ్బులో ఉన్న ఒక్క ఆడపిల్లను నేనే. "పాప కాల్చనీ" అన్నారిద్దరూ. వాళ్లు ఒక మాట మీద నిలబడటం నేను చూడటం అదే మొదలు.

పరీక్ష రోజు మామ అంగట్లోంచి అయస్కాంతం తెచ్చాడు. అసలైన స్టీలు గిన్నె అయస్కాంతానికి అంటుకోదు కదా, ఆ మహిమేదో అందరికీ చూపించాలని. పది మందినీ పిలిచి, గొంతు సవరించుకుని, దాన్ని తెల్లగా మెరిసే గొట్టం దగ్గరకు తీసుకుపోయాడు. అది టక్కున అతుక్కుంది. మామ లాగాడు. రాలేదు. మా నాయన నవ్వలేక నేలమీద కూర్చున్నాడు. "నీ అసలైన స్టీలు చూడప్పా, నిన్ను వదల్లేకుండా ఉండాది!" సుబేదారు జాలిపడి, గొట్టాలకు వాడే స్టెయిన్‌లెస్ వేరే రకమనీ, దాన్ని తొలచడానికి అనువుగా చేస్తారనీ, అది అయస్కాంతానికి అంటుకుంటుందనీ చెప్పాడు గాని, అప్పటికే మామ చెవులు ఎర్రబడిపోయాయి. నాయన మాత్రం నవ్వీ నవ్వీ దగ్గుతూనే ఉన్నాడు. ఆ దగ్గు మాకు అలవాటే. గనిలో చేసినవాళ్లందరూ దగ్గుతారు, గని కార్మికులుండే మా లైన్ ఇళ్లలో తెల్లారేది ఆ చప్పుడుతోనే.

నేను పడుకుని కాల్చాను. గురి కాగితాలు తెచ్చి చూస్తే, రెండింటి మీదా చిల్లులన్నీ ఒక రూపాయి బిళ్ల కింద దాగిపోయాయి. స్టెయిన్‌లెస్‌వి వెంట్రుకవాసి దగ్గరగా ఉన్నాయి. సుబేదారు తీర్పు చెప్పాడు. "తెల్లదాన్ని లోపల నున్నగా తీర్చడం సులువు, అందుకే పోటీల్లో దాన్ని ఇష్టపడతారు. పెద్ద తూటాల వేడికి కూడా అది కొంచెం ఎక్కువ తట్టుకుంటాది. నల్లది మొండిది, కానీ నూనె రాయకపోతే తుప్పు పడతాది. మనం కాల్చే చిన్న సీసం తూటాలకు ఏదీ మన కాలంలో అరిగిపోదు. గొట్టాన్ని చెడిపేది తేమా, అడ్డదిడ్డంగా తోసే క్లీనింగ్ రాడ్డూ."

అయితే వెంట్రుకవాసి గెలుపు కూడా గెలుపే. మామ లేచి నిలబడ్డాడు. అయస్కాంతం బాకీ తీర్చుకునే వేళ వచ్చింది. ఈలోగా నాయన చెయ్యెత్తాడు. "సుమ్నే కూసోప్పా. ఇసుక మూట కాల్చేది ఒక కాల్చడమా? నల్లది ఇట్లా ఇయ్యి. నిలబడి కొట్టి చూపిస్తా."

ఆయన రైఫిల్ ఎత్తుకుంటే చూడముచ్చటగా ఉండేది. ఆ రోజూ అలాగే ఎత్తాడు. ఊపిరి తీసుకుని, సగం వదిలి, బిగబట్టాలి. బిగబట్టేలోపల దగ్గు వచ్చింది. దించాడు. మళ్లీ ఎత్తాడు. ఒకటి కాల్చాడు. మట్టి కట్ట మీద దుమ్ము లేచింది. "కొండను కొట్టినావు బావా!" అని మామ అరిచాడు, అందరం నవ్వాం. ఇంకొకటి పక్క గురి కాగితం చట్రానికి తగిలింది. మళ్లీ నవ్వాం, ఈసారి కొంచెం తక్కువగా. ఆ తర్వాత కాల్చినవాటికి ఎవరూ నవ్వలేదు. దగ్గుకూ దగ్గుకూ మధ్య ఆయన కాల్చడానికి చోటు వెతుక్కుంటున్నాడని అప్పుడు తెలిసింది.

కాగితం తీసుకురావడానికి మామే వెళ్లాడు. తిరిగి వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా అన్నాడు. "బావా, నువ్వు చెప్పిందే నిజం. నల్లదే మేలు. క్లబ్బుకు అదే ఏపిద్దాం."

నాయన రైఫిల్‌ను జాగ్రత్తగా సుబేదారు చేతికిచ్చాడు. ఇంటికొచ్చి గడప మీద కూర్చుని నన్ను పిలిచాడు.

"పాపా, మీ మామ ఎప్పుడన్నా ఒక మాట ఒప్పుకునింది చూసినావా?"

"లేదు నాయనా."

"నేనూ చూళ్లేదు. వాడు ఒప్పుకున్నాడంటే నాకు ఏందో అయింది. రేపు ఆస్పత్రికి పోదాం."

కోలారులో ఎక్స్‌రే తీశారు. ఊపిరితిత్తుల నిండా రాతి దుమ్మట. గనిలో ఎన్నాళ్లు చేశారని డాక్టరమ్మ అడిగింది. నాయన అది చెప్పకుండా, "లోపల తోసి క్లీన్ చేసే రాడ్డు ఏదన్నా ఉండాదా తల్లీ?" అన్నాడు. ఆమె నవ్వలేదు. మామ, మా అమ్మ, నేను మాత్రం నవ్వాం, ఆయన కోసం. బయటికొచ్చాక మామ మాత్రలు కొనే నెపంతో రోడ్డు దాటి, అవతలి పక్క మాకు వీపు పెట్టి చాలాసేపు నిలబడ్డాడు.

క్లబ్బు రైఫిల్‌కు నల్ల గొట్టమే వేశారు. నాయన కొన్ని వానాకాలాలు దానికి తన చేత్తోనే నూనె రాశాడు. కాల్చలేదు. కుర్చీ వేసుకుని మమ్మల్ని తిడుతూ కూర్చునేవాడు. తర్వాత అదీ చేతకాలేదు. పోయేముందు ఆయనకు మాటకు సరిపడా ఊపిరి ఉండేది కాదు, మామ పక్కన కూర్చుని ఇద్దరి మాటలూ తానే మాట్లాడేవాడు.

నాయన పోయాక మామ నోటికి మూత పడింది. నేను ఉద్యోగానికి బంగారుపేట నుంచి బెంగళూరుకు రోజూ రైల్లో వెళ్లివస్తూ, సాయంత్రం ఆయన అంగట్లో కాసేపు ఆగేదాన్ని. టీ తెప్పించేవాడు, అంతే. ఎన్ని నెలలు చూడను? ఒక సాయంత్రం ఉండబట్టలేక, "ఎంతైనా గొట్టానికి స్టెయిన్‌లెస్సే మేలు మామా" అన్నాను.

ఆయన తలెత్తాడు. "ఎవురు చెప్పినారు నీకు?"

"మీరే చెప్పేవాళ్లు కదా."

"నేను చెంబులమ్ముకునేవాడిని, నాకేం తెలుసు? దెబ్బకు ఓర్చుకునేది నల్లదే పాపా!" అంటూ మొదలుపెట్టాడు. చుట్టూ తళతళలాడే స్టీలు బిందెల మధ్య నిలబడి, స్టెయిన్‌లెస్ మీద దుమ్మెత్తిపోశాడు. నాయన మాటలతోనే, నాయన చెప్పిన తప్పులతో సహా. బిందె కొనడానికి వచ్చిన ఆవిడ దాన్ని మెల్లగా కింద పెట్టేసింది.

అప్పటినుంచి ఇదే మా అలవాటు. నలభై దాటిన మనిషిని, కళ్లద్దాలు లేకుండా బస్సు బోర్డు కూడా చదవలేను. ఒళ్లో టిఫిన్ డబ్బా పెట్టుకుని, నేనెప్పుడూ నమ్మని తెల్ల గొట్టం తరఫున గొంతు చించుకుంటాను. నిన్న కూడా నేనే ఓడిపోయాను. మామ గెలిచిన ఉత్సాహంలో రెండో టీ తెప్పించాడు. ఆ టీ తాగుతూ కూర్చుని, మా ఊరికి పోయే బస్సు నా కళ్లముందే వెళ్లిపోతుంటే చూశాను.