ఎడమవైపు చెప్పే మనిషి

2023 వేసవి. సికింద్రాబాద్‌లో తిరుమలగిరి దాటాక ఒక పెద్ద మట్టి గ్రౌండ్‌లో మా హెవీ డ్రైవింగ్ స్కూల్ లారీ నిలబడి ఉండేది. మిలటరీలో బండ్లు నడిపి రిటైరయ్యాక సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకున్నాను. ఊరికే కూర్చోలేక ఆ స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్‌గా చేరాను. పేరు ప్రసాదరావు, గ్రౌండ్‌లో అందరికీ ప్రసాద్ సార్.

నాకు అనుమానం ఎక్కువ. ముందే చెప్పేస్తే మంచిది. "మీరు ప్రార్థనలో కూడా ఒక కన్ను తెరిచి, ఎవరు కళ్లు మూసుకోలేదో చూస్తారు" అంటుంది మా ఆవిడ గ్రేస్. నిజమే, చూస్తాను. లారీ నేర్పేవాడికి ఆ గుణమే తిండి పెడుతుంది. "బ్రేక్ మీదే కాలుంది సార్" అన్న ప్రతివాడి మాటా నమ్మి ఉంటే ఈపాటికి నా ఫోటోకు దండ పడేది.

మే మొదట్లో యాదమ్మ వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ దగ్గర ఉంటామని, ట్రాలీ ఆటో నడుపుతానని చెప్పింది. లైట్ లైసెన్స్ ఉంది. అది ఉన్నవాళ్లు లర్నర్ లైసెన్స్ తీసుకుని, నాలాంటివాడి దగ్గర నేర్చుకుని, స్కూల్ సర్టిఫికెట్‌తో టెస్టుకు వెళితే హెవీ లైసెన్స్ వస్తుంది. ఆడవాళ్లు హెవీకి రావడం తక్కువే కానీ, రాకూడదనేమీ లేదు. సంతోషించాను కూడా.

"ఎప్పుడైనా లారీ నడిపావా అమ్మా?" అని అడిగాను.

"లేదు సార్. గిప్పుడే షురూ చేస్తున్న."

అంది, వెంటనే క్యాబిన్ ఎక్కింది. కొత్తవాళ్లు లారీ ఎక్కడం చూడాలి. ఏ కాలు ముందు పెట్టాలో తెలియక ఒకసారి ఎక్కి దిగి, మళ్లీ ఎక్కుతారు. ఈవిడ హ్యాండిల్ అందుకుని, చీర కుచ్చెళ్లు ఒక చేత్తో ఎత్తి, మెట్టు వైపు చూడకుండానే సీట్లో కూర్చుంది. అక్కడే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి.

ఇంజన్ స్టార్ట్ చేశాక ఎయిర్ ఎక్కేదాకా ఆగింది. లారీ బ్రేకులు గాలితో పనిచేస్తాయి. ట్యాంకులో గాలి నిండకముందే కదిలిస్తే బ్రేక్ పట్టదు. ఆ సంగతి నేనింకా చెప్పలేదు. తర్వాత గేర్ మార్చింది చూడండి, క్లచ్ రెండుసార్లు తొక్కింది. దాన్ని డబుల్ క్లచ్ అంటారు. పాత లారీల్లో అలా తొక్కకపోతే గేరు పళ్లు కరకరలాడతాయి. మా స్కూల్ లారీకి ఆ అవసరం లేదు, కొత్త మోడల్. అంటే ఈవిడ ఎక్కడో పాత బండి మీద చెయ్యి తిరిగాకే వచ్చింది.

"నడపలేదన్నావు?"

"ఆటో నడుపుతగద సార్, గట్లనే వచ్చేసింది."

ఆటో నడిపితే డబుల్ క్లచ్ వస్తుందట. నా చెవిలో పువ్వు పెడుతోందని అర్థమైంది. కానీ ఎందుకు?

మొదట అనుకున్నది, ఈవిడ ఆర్టీవో ఆఫీసువాళ్లు పంపిన మనిషి అని. నేర్పకుండానే సర్టిఫికెట్లు ఇచ్చే స్కూళ్ల మీద అప్పట్లో నిఘా ఉందని మా ఓనర్ చెబుతుండేవాడు. మర్నాటి నుంచి ఆవిడకు ప్రతి పాఠం పుస్తకంలో ఉన్నట్టే చెప్పాను. టైరుకు నట్లు ఎన్నుంటాయో కూడా చెప్పాను. పాపం, ఓపిగ్గా విన్నది.

రెండో అనుమానం టీ కొట్టు దగ్గర మొదలైంది. గేటుకు ఎదురుగా బల్ల మీద ఒకతను రోజూ యాదమ్మ వచ్చే వేళకే కనిపించేవాడు. తలకు తువ్వాల, బక్కపల్చటి మనిషి. టీ తాగుతూ మా లారీనే చూసేవాడు. అతను నడవడం నేనెప్పుడూ చూడలేదు. మేం వచ్చేసరికి కూర్చుని ఉండేవాడు, మేం వెళ్లేటప్పటికీ కూర్చునే ఉండేవాడు. ఒకటి మాత్రం గమనించాను. లారీ గ్రౌండ్‌లో ఎడమవైపు తిరిగినప్పుడల్లా అతని అరచెయ్యి బల్ల మీద తపతపా కొట్టుకునేది. సైగ చేస్తున్నాడనుకున్నాను. ఎవరికి, ఏమని?

"ఎవరతను?" అని ఆమెనే అడిగాను.

"ఏమో సార్, నాకేం ఎర్క." చూడకుండానే చెప్పింది. ఎవరతను అంటే ఎవరైనా ముందు తల తిప్పి చూస్తారు కదా.

మూడోది అన్నిటికంటే పెద్దది. యాదమ్మ ముందుకు నడిపితే వంక పెట్టడానికి లేదు. కుడివైపు అద్దంలో చూపు ఉంటుంది, దూరం అంచనా ఉంటుంది, తొందర ఉండదు. ఎడమవైపు తిరగాల్సి వస్తే మాత్రం తల అటు తిప్పదు. అద్దం వైపు కన్ను పోదు. ఒక్క క్షణం దేనికోసమో ఆగినట్టు ఆగి, అలాగే తిప్పేస్తుంది. లారీలో డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు కాబట్టి ఎడమవైపు ముందు చక్రం పక్కన నేల కనిపించదు. దాన్నే బ్లైండ్ స్పాట్ అంటాం. స్కూటరైనా, సైకిలైనా, మనిషైనా అక్కడే పోతారు. అందుకే ఆ అద్దం చూడనివాణ్ణి నేను టెస్టుకు పంపను.

నాకు గట్టిగా తోచింది, ఈవిడకు ఎడమకన్ను కనిపించదు, దాస్తోంది. కంటి డాక్టరు దగ్గరికి పంపితే అంతా బాగుందని కాగితం తెచ్చింది. కాగితాలు నేను నమ్మను. కుడికన్ను అరచేత్తో మూసుకోమని, రోడ్డవతల మిర్చి బండి మీద రాసిందంతా చదివించాను. మొత్తం చదివింది.

"సార్, మీకు నా మీద ఏమన్న డౌట్ ఉందా?" అంది నవ్వుతూనే. నవ్వు మాత్రం కళ్లలోకి రాలేదు.

"నాకు అందరి మీదా ఉంటుందమ్మా" అన్నాను.

ఆ వారమే రోడ్డెక్కించాను. ట్రైనింగ్ లారీలో నా సీటు ఎడమవైపు. నా కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్ ఉంటాయి, డ్యూయల్ కంట్రోల్ అంటారు. బోయిన్‌పల్లి వైపు పోతూ ఒక సందు దగ్గర ఎడమకు తిప్పమన్నాను. మా పక్కనే స్కూటర్ మీద ఒక పెద్దాయన, కాళ్ల మధ్య గ్యాస్ సిలిండర్ పెట్టుకుని నెమ్మదిగా వస్తున్నాడు. చూస్తుందేమోనని చివరిదాకా ఆగాను. చూడలేదు. స్టీరింగ్ తిప్పేసింది. నా బ్రేకు మీద లేచి నిలబడినంత పని చేశాను. లారీ ఒక్క కుదుపుతో ఆగింది. పెద్దాయన మమ్మల్ని తిట్టుకుంటూ వెళ్లిపోయాడు. ఆయన తిట్టినదాంట్లో తప్పేమీ లేదు.

నేను నోరు తెరిచేలోగా యాదమ్మే నా మీదికి తిరిగింది.

"చెప్పవేందయ్యా? స్కూటర్ వస్తుంటే కనవడ్తలేదా నీకు?"

 అనేసి, స్టీరింగ్ మీంచి చెయ్యి తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు తెలిసింది నాకు. ఆమె ఎడమవైపు చూడకపోవడం కంటి జబ్బు కాదు. నేను కూర్చున్న సీట్లో ఎవరో కూర్చుని, ఎడమవైపు సంగతంతా చెబుతూ వచ్చారు. అది క్లీనర్ చేసే పని. కిటికీలోంచి తల బయటపెట్టి "రానీ, రానీ" అంటాడు, ఆగాలంటే తలుపు మీద అరచేత్తో కొడతాడు. తలుపు మీద అరచెయ్యి అనుకోగానే టీ కొట్టు బల్ల గుర్తొచ్చింది.

లారీ పక్కకు తీయించాను. "టీ కొట్టు దగ్గర కూర్చునే మనిషి నీకేమవుతాడు?"

ఆమె ఇంజన్ ఆపేసింది. తర్వాత, "మా ఆయన సార్" అంది.

గ్రౌండ్‌కు తిరిగొచ్చాక అతన్ని పిలిపించాను. పేరు మల్లేశం. టీ కొట్టు నుంచి గేటు దాకా ఆమె భుజం పట్టుకుని వచ్చాడు. ప్రతి అడుగుకూ తల వంచి పాదం ఎక్కడ పడిందో చూసుకుంటున్నాడు.

"షుగర్ సార్" అన్నాడు. "కాళ్లకు సోయి లేదు. చెప్పు జారిపోయినా తెల్వదు. బ్రేక్ మీద కాలుందో, పక్కకు పోయిందో వంగి చూస్కోవాలె. ఒకపారి చూస్కునేటాళ్లకు ముందల బర్రె ఉంది. గా దినంనుంచి ఇగ నడ్పలే."

"మరి లారీ?"

యాదమ్మే చెప్పింది. లారీ వాళ్లదే, పాతది. మెదక్ వైపు ఊళ్ల నుంచి బోయిన్‌పల్లి మార్కెట్‌కు టమాటా, ఉల్లిగడ్డ తెస్తారు. ఇల్లు నడిచేది దాని మీదే. ఆటో సంగతి పాతది, రెండేళ్లుగా ఈ లారీని నడుపుతున్నది యాదమ్మ. లైసెన్స్ జేబులో పెట్టుకుని ఎడమ సీట్లో కూర్చునేది మల్లేశం. ముందు పోలీసులు కనిపిస్తే బండి ఆపి సీట్లు మార్చుకునేవాళ్లు. క్లీనర్ని పెట్టుకుంటే బయట చెబుతాడని భయపడి పెట్టుకోలేదు. ఆ పని కూడా అతనే చేశాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "సీటు మార్చుకుని, సోయి లేని కాళ్లతో పోలీసు ముందు బండి కదిలించావా? ఎవరైనా చచ్చి ఉంటే?"

"తప్పే సార్" అన్నాడు మల్లేశం. "గందుకే గదా మీ తాన్కి తోలిచ్చిన. సక్కగ లైసెన్స్ తీస్కో అన్న. కేస్ పెడ్తరా?"

"ముందు మీ లారీ తాళం ఇవ్వండి. లైసెన్స్ వచ్చేదాకా బండి కదలకూడదు."

యాదమ్మ మొహం మాడిపోయింది. "సార్, బండి బంద్ పెడితే రైతులు వేరే బండి మాట్లాడుకుంటరు. మల్ల మా మొహం సుత చూడరు. జెర సోచాయించుండి."

"లేకపోతే సర్టిఫికెట్ లేదు. ఎడమవైపు చూడని మనిషికి నేను సంతకం పెట్టను."

ఆమె మొగుడి వైపు చూసింది. అతను తలూపాడు. కొంగు ముడి విప్పి తాళం ఇచ్చింది.

రెండో తాళం ఉండదని ఏంటి నమ్మకం? మర్నాడు పొద్దున్నే గ్రేస్‌కు పాలకని చెప్పి వాళ్లు లారీ పెట్టే షెడ్డు దాకా వెళ్లి చూసొచ్చాను. టైర్ల పక్కన ఎండుటాకులు నలగకుండా ఉన్నాయి. తర్వాతా రోజూ వెళ్లాను. బండి కదల్లేదు. పాలు తేవడం రెండుసార్లు మరిచిపోయి చీవాట్లు తిన్నాను.

ఇక అసలు పాఠం. యాదమ్మకు లారీ నడపడం నేర్పేదేమీ లేదు. ఆ గొంతు లేకుండా నడపడం నేర్పాలి. చాలా ఆలోచించి మల్లేశాన్ని కూడా ఎక్కించాను. నా వెనక సీట్లో, కిటికీ పక్కన. నోరు విప్పకూడదు, అంతే అతని పని.

మొదటి మలుపులోనే కిటికీ కింది రేకు మీద తపతపా కొట్టాడు. ఆమె కాలు తనంతట తానే బ్రేక్ మీదికి పోయింది. "మల్లేశం" అన్నాను. "ఆదతు సార్" అన్నాడు, అలవాటని. రెండో మలుపులో చెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు, కానీ "రానీ" అనేశాడు. మూడోసారి తలకున్న తువ్వాల తీసి నోట్లో కుక్కుకున్నాడు. ఆమె వెనక్కి చూసి పకపకా నవ్వింది. ఆ నవ్వులోనే ఎడమ అద్దం చూడడం మరిచిపోయింది. నేను మళ్లీ బ్రేకు తొక్కాను.

అలా చాలా రోజులు పట్టింది. నాకైతే మల్లేశం మీదే జాలేసేది. మలుపు వస్తోందని ఆమెకంటే ముందు అతనికి తెలిసేది. అద్దంలో చూసేవాణ్ణి, దవడలు బిగించి, కళ్లు పెద్దవి చేసి, ఏదో మింగుతున్నట్టు కూర్చునేవాడు. అతని దగ్గర మిగిలిన పని అదొక్కటే, దాన్ని నేను మానిపిస్తున్నాను. ఒక రోజు దిగేటప్పుడు, "ఇయ్యాల నేను చెప్పకముందే చూసింది సార్" అన్నాడు. సంతోషంగానే అన్నాడు. తర్వాత ఆ పూటంతా టీ కొట్టు బల్ల మీద చేతులు ముడుచుకుని కూర్చున్నాడు.

యాదమ్మ టెస్టు ఒక్కసారికే పాసైంది. నేను తాళం తిరిగిచ్చేశాను. ఉల్లిగడ్డ రైతు ఒక్కడే మిగిలాడని, మిగతావాళ్లు వేరే బండి చూసుకున్నారని చెప్పింది. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. అయినా చేసింది సరైన పనే అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటున్నాను.

మొదటి ట్రిప్పు రోజు నాకు ఇంట్లో కాలు నిలవలేదు. లైసెన్స్ వస్తే ఏంటి, మల్లేశం మళ్లీ ఎడమ సీట్లో కూర్చుని తలుపు కొట్టడని ఏంటి నమ్మకం? స్కూటర్ తీసుకుని వెళ్లి, వాళ్లు ఎడమకు తిరగాల్సిన చోట ఒక బండ్ల రిపేరు షాపు పక్కన నిలబడ్డాను. పాత లారీ వచ్చింది. మలుపు ముందు నెమ్మదించింది. యాదమ్మ తల ఎడమకు తిరిగింది, అద్దం చూసింది, నడిచిపోయేవాళ్లు దాటేదాకా ఆగింది, తిప్పింది. ఎడమ సీటు ఖాళీగా ఉంది.

ఖాళీగా ఎందుకుంటుంది? కిందికి వంగి దాక్కున్నాడనుకున్నాను. రోడ్డు మీదికొచ్చి చెయ్యెత్తి ఆపాను. ఎడమ తలుపు తీసుకుని ఎక్కేశాను.

"మల్లేశం ఏడీ?"

ఆమె వేలు పెదాల మీద పెట్టుకుంది. సీటు వెనక బల్ల మీద మల్లేశం క్యాబిన్ రేకు వైపు తిరిగి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

"షెడ్డు దాటకముందే పండుకున్నడు సార్" అంది మెల్లగా. "రెండేండ్లల లారీ నడుస్తుంటే ఆయన కన్ను మూసుడు గిదే మొదటిపారి."

ఆమె ఏదో దాస్తోందని నేను అనుమానించింది నిజమే. ఏం దాస్తోందా అని కళ్లు, కాగితాలు, గేర్లు అన్నీ వెతికాను. ఎవరిని దాస్తోందా అని ఒక్కసారీ అనుకోలేదు. ఇప్పుడు స్కూల్‌కు ఎవరొచ్చినా, ముందు ఎవరి పక్కన కూర్చుని నేర్చుకున్నావని అడుగుతాను. అబద్ధం చెప్పినవాళ్లు కూడా ఆ ప్రశ్నకు కాస్త ఆగి చెబుతారు.

ఆ రోజు మాత్రం ఇంకేమీ అడగలేదు. సీట్లో అలాగే కూర్చుండిపోయాను. యాదమ్మే గేరు మీద చెయ్యి పెట్టి నా వైపు చూసింది.

"మీరు జెర దిగుండి సార్. లెఫ్ట్ నేను చూస్కుంట."