పద్దెనిమిది కిలోల లోపు

మా అక్క ఇంటింటికీ తిరిగి పరీక్షలకు రక్తం తీసే మనిషి. తెల్లారకముందే భుజానికి నీలం పెట్టె తగిలించుకుని బయల్దేరేది. నరం కంటికి కనపడకపోయినా చూపుడు వేలితో నొక్కి ఇట్టే పట్టేసేది. మొండి పిల్లలు కూడా ఆవిడ చేతికింద కిమ్మనేవాళ్ళు కాదు. అలాంటి మనిషిని పట్టుకుని ల్యాబువాళ్ళు, సొంత బండి లేకపోతే ఒకటో తారీఖు నుంచి లోపల కూర్చుని సీసాలకు చీటీలు అంటించమన్నారు.

ఉండేది నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. కింద పెట్టిన సైకిళ్ళు అప్పటికే రెండు మాయమయ్యాయి. కాబట్టి పైకి మోసుకెళ్ళగలిగే బ్యాటరీ సైకిలే కావాలి. అక్క పాత పుస్తకాలు గోనెసంచిలో కట్టి, తూకం వేసి, మెట్లెక్కి చూసుకుంది. పద్దెనిమిది కిలోలైతే ఆగకుండా ఎక్కగలదు. ఇరవై అయితే మూడో అంతస్తులోనే చతికిలబడుతుంది. ఇక కొట్ల మీద పడింది. రంగు అడగదు, వేగం అడగదు. సైకిలు భుజానికెత్తుకుని వాళ్ళ మెట్లెక్కి దిగుతుంది.

“అది మిమ్మల్ని మోయాలి గానీ, మీరు దాన్ని మోస్తారేంటి మేడమ్?” అని ఒక కొట్టువాడు పళ్ళికిలించాడు.

“మా ఇంటి మెట్లు నువ్వొచ్చి ఎక్కిస్తావా బాబూ?” అంది అక్క.

ఆరో కొట్టులో దొరికింది. పదిహేడు కిలోలు, చిన్న బ్యాటరీ, వెలిసిపోయినట్టుండే బూడిద రంగు. రేపొచ్చి తీసుకెళ్తానని చెప్పి వచ్చేసింది.

మా బావగారు సర్వజ్ఞులు కదా! మర్నాడు అక్క డ్యూటీలో ఉండగా తనే వెళ్ళి, దాన్ని కాదని, లావుపాటి బ్యాటరీ ఉన్న నల్లటిది తొక్కుకొచ్చాడు. ఇరవై ఎనిమిది కిలోలు!

“అదేం సైకిలే, ఆటబొమ్మ! ఇదైతే ఒక్క చార్జింగుకి ఎనభై కిలోమీటర్లు,” అన్నాడు.

“నేను తిరిగేది ఇరవై. మోసేదెవరండీ?”

“నేను లేనూ? రోజూ నేనే ఎక్కిస్తా, సరేనా?”

నాకు ఒళ్ళు మండింది. “అక్కా, ఇప్పుడే వెళ్ళి మార్చేద్దాం పద,” అన్నాను.

“పోన్లేవే, ముచ్చటపడి తెచ్చారు,” అంది అక్క. ఆ ఒక్క మాటకి ఆవిడ మీద కూడా నాకు ఇప్పటికీ కోపమే.

బావ మోత ఎనిమిది రోజులు సాగింది. తొమ్మిదో రోజు సాయంత్రం అక్క కింది నుంచి ఫోన్ చేస్తే, “నడుం పట్టేసిందే, ఇవాళ్టికి నువ్వే మెల్లిగా తెచ్చెయ్,” అన్నాడు మహానుభావుడు. వెనక టీవీ మోగుతూనే ఉందట. మూడో అంతస్తు మలుపులో సైకిలు వెనక్కి లాగేసింది. అక్క పడింది, ఆవిడ కుడి మణికట్టు మీద అది పడింది.

కట్టు విప్పిన వారానికి ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. అక్క పెట్టెలోంచి రబ్బరు పట్టీ తీసి, “చెయ్యి చాపవే,” అంది. నావి తాడులా ఉబ్బే నరాలు. పని నేర్చుకునే రోజుల్లో ఆవిడ మొదట గుచ్చింది నన్నే. పట్టీ బిగించి, కుడి చూపుడు వేలితో నొక్కింది. ఇంకాస్త గట్టిగా నొక్కింది. వేలి కొస తెల్లబడింది.

“అలవాటు తప్పింది, అంతే. అదే వస్తుందిలే,” అన్నాడు బావ.

అక్క ఆయన వైపు చూడలేదు. “నరం ఎక్కడుందే?” అని నన్ను అడిగింది.

అది ఆవిడ వేలి కిందే ఉంది.