అమ్మ సముద్రస్నానాలు

అమెరికాలో మా ఫార్మింగ్టన్ హిల్స్‌లో జూన్ నెలలో నలుగురు తెలుగువాళ్లు ఎవరో ఒకరి పెరటి డెక్ మీద కూర్చుంటే మాట తప్పకుండా వేసవి సెలవుల మీదికి పోతుంది. ఒకరు తాటిముంజలంటారు, ఒకరు నీళ్లు చల్లిన డాబా మీద వేసుకున్న పడకలంటారు, ఇంకొకరు ఉప్పూకారం అద్దిన మామిడిముక్కల గురించి చెప్పి అందరి నోళ్లూ ఊరిస్తారు. వరస నా దాకా వచ్చేసరికి నేను వడగళ్ల గురించి చెబుతాను. జూలై నెలలో, సముద్రం ఒడ్డున, తడి స్విమ్‌సూట్ మీద రెయిన్‌కోటు వేసుకుని, పళ్లు టకటకలాడుతుంటే పులిహోర తిన్న సంగతి చెబుతాను.

ఎవరో ఒక అంకుల్ నవ్వేసి, అదేం వేసవమ్మా అంటారు. వెంటనే రావలసిన ప్రశ్న వస్తుంది: ఇంతకీ మీ సొంతూరు ఏది? మా నాన్నది హనుమకొండ, అమ్మది పాలమూరు వైపు పల్లె. ఆ రెండింట్లో ఏదో ఒకటి చెప్పేస్తే గొడవ వదిలిపోతుంది. మా అన్న అదే చేస్తాడు. నేను చెయ్యను. మాది ఐర్లండ్‌లో పడమటి ఒడ్డున ఒక చిన్న ఊరు అంటాను. పొరుగింటి పుల్లకూర రుచి అని ఒకావిడ నన్ను దెప్పింది కూడా. పుల్లకూర రుచిగా ఉంటే రుచిగా ఉందనే అంటాను, ఎవరింటిదైతే నాకేం? తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లంటుందని ఇంట్లో నాకు ఎప్పటినుంచో పేరు. నేను పట్టుకున్న కుందేలుకి నిజంగానే మూడు కాళ్లుంటే నన్నేం చేయమంటారు?

మా నాన్న డాక్టరు. నాకు నాలుగేళ్లప్పుడు మమ్మల్ని ఐర్లండ్ తీసుకెళ్లారు. సముద్రానికి దూరంగా, ఆ దేశం నడిమధ్యలో ఉన్న ఒక టౌన్‌లో ఆసుపత్రి ఉద్యోగం. ఏటా జూలైలో రెండు వారాల సెలవు. ఆ రెండు వారాలూ పడమటి ఒడ్డున అదే ఊళ్లో, అదే అద్దె ఇంట్లో దిగేవాళ్లం. ఊరంటే ఒక వీధి, ఒక చర్చి, ఒక కొట్టు, పడవల్ని నీళ్లలోకి దించడానికి కట్టిన సిమెంటు వాలు. ఇళ్లలో బొగ్గుకి బదులు, అక్కడి చిత్తడినేలల్లో తవ్వి ఎండబెట్టిన బురదగడ్డలు పొయ్యిలో కాల్చేవాళ్లు. ఆ పొగ వాసన మా స్వెటర్లకి పట్టుకుని, టౌన్‌కి తిరిగొచ్చాక కూడా చాలా రోజులు వదిలేది కాదు. నేను స్కూల్‌కి కూడా అవే స్వెటర్లు వేసుకుపోయేదాన్ని.

వాన పడితే, పడని రోజేది లెండి, కారుని సముద్రానికి ఎదురుగా ఆపుకుని అందులోనే కూర్చునేవాళ్లం. మేమే కాదు, సెలవులకొచ్చిన వాళ్లందరూ అంతే. వరసగా కార్లు, మసకబారిన అద్దాలు, లోపల ఫ్లాస్కులు, కోడిగుడ్డు శాండ్‌విచ్‌లు. మా కార్లో పులిహోర. అక్కడివాళ్లు దాన్ని పిక్నిక్ అనేవాళ్లు, నాన్న ఖైదు అనేవారు. అన్నా నేనూ వెనక సీట్లో వేలితో అద్దం తుడుచుకుని, సముద్రం ఇంకా అక్కడే ఉందో లేదో చూసుకునేవాళ్లం. అంతకంటే సుఖమైన చోటు నేను తర్వాత ఎక్కడా చూడలేదు. నవ్వేవాళ్లు నవ్వండి.

మొదటి ఏడాది అమ్మ విశాఖపట్నం బీచ్‌కి బయల్దేరినట్టు, పొద్దు వాలి చల్లబడ్డాక వెళదామంది. అప్పటికీ ఎండ తగ్గదేమోనని గొడుగు తెచ్చింది, నూలు చీర కట్టుకుంది. గొడుగు మొదటి గాలికే వెనక్కి తిరగబడింది. అమ్మకి సముద్రమంటే అంతవరకే తెలుసు. ఆమె పుట్టిన ఊళ్లో తాగడానికే నీళ్లు చాలేవి కావు, ఇక ఈత ఎక్కడ? పెళ్లయిన కొత్తలో నాన్నతో ఒక్కసారి విశాఖ వెళ్లి, పాదాలు తడుపుకుని దండం పెట్టి వచ్చేసింది. సముద్రాన్ని ఊరికే ముట్టుకోకూడదనీ, పర్వదినాల్లో తప్ప స్నానం చేయకూడదనీ మా అమ్మమ్మ శాసనం. సముద్రాన్ని ఒక్కసారైనా చూడని మనిషి పెట్టిన శాసనం అది. అయినా అమ్మ జవదాటలేదు.

ఆ ఊరి ఆడవాళ్లు కొంతమంది రోజూ పొద్దున్న ఆ సిమెంటు వాలు దగ్గరికి చేరేవాళ్లు. అందరూ పెద్దవాళ్లే, నడుములు లావు, మోకాళ్ల నొప్పులు. తువ్వాలు చుట్టుకుని దాని కిందే బట్టలు మార్చుకుని, గాలి వీస్తున్నా చినుకులు పడుతున్నా కబుర్లు ఆపకుండా మెడలోతు నీళ్లలోకి నడిచిపోయేవాళ్లు. చలిగా ఉందా అని ఎవరైనా అడిగితే, దిగితే బాగానే ఉంటుందనేవాళ్లు. ఎప్పుడడిగినా అదే జవాబు. గులాబీరంగు రబ్బరు టోపీ పెట్టుకునే ఒకావిడ అమ్మని రోజూ రమ్మని పిలిచేది. అమ్మ రోజూ నీళ్లు నమిలి, ఇవాళ కాదనేది.

రెండో ఏడాది ఒక పొద్దున అమ్మ పంచాంగం చూసి, ఇవాళ పౌర్ణమి అంది. చుడీదార్ మీద చున్నీ నడుముకి బిగించి, ఆ వాలు మీదుగా నడుచుకుంటూ నీళ్లలోకి దిగింది. ఈ రోజు కోసం ఎందుకు ఆగావని వాళ్లడిగితే పౌర్ణమి సంగతి చెప్పింది. వాళ్లకి అందులో వింతేం కనబడలేదు. పౌర్ణమికీ అమావాస్యకీ సముద్రం బాగా వెనక్కి పోతుందనీ, బాగా ముందుకొస్తుందనీ వాళ్లకీ తెలుసు, వాళ్లూ చంద్రుణ్ణి చూసుకునే దిగుతారు. టోపీ ఆవిడ అమ్మ వీపు కింద చేయి పెట్టి వెల్లకిలా తేలడం నేర్పింది. ఒడ్డున నేను ఏడుపు లంకించుకున్నాను, మా అమ్మ పోతోందని. నాన్న కారు దిగి వచ్చి, పోవట్లేదే, తేలుతోందే అన్నారు. ఆయన గొంతులో అంత ఆశ్చర్యం నేను మళ్లీ వినలేదు.

ఆ తర్వాత పౌర్ణమికి ముందురోజు కూడా పర్వదినమే అని అమ్మ తేల్చింది. మర్నాడు కూడా పర్వదినమే. మూడో ఏడాదికి ప్రతిరోజూ పర్వదినమే. అమ్మమ్మకి ఫోన్లో ఆ సంగతి తప్ప అన్నీ చెప్పేది.

నాకు పద్నాలుగేళ్లప్పుడు నాన్నకి మిషిగన్‌లో ఉద్యోగం వచ్చి ఇక్కడికి వచ్చేశాం. మళ్లీ ఆ ఊరు వెళ్లలేదు. అమ్మ కూడా మళ్లీ నీళ్లలోకి దిగలేదు. ఇక్కడ ఆమెకి పనులు పెరిగాయి, తర్వాత మోకాలికి ఆపరేషన్ అయింది, తర్వాత నాన్నకి జబ్బు చేసింది. కిందటి శరదృతువులో నాన్న పోయారు. ఆ రోజు నుంచి అమ్మ ఏదీ అడగడం మానేసింది. ఏం వండమంటావంటే నీ ఇష్టం, గుడికి వెళదామా అంటే నీ ఇష్టం. అమ్మ గొంతులో ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది, భయమూ వేసేది. ఇష్టమనేది లేకుండా ఒక మనిషి ఎన్నాళ్లుంటుంది?

ఈ మే నెలలో, ఇండియన్ స్టోర్ నుంచి వస్తుంటే, కార్లో ఉన్నట్టుండి అడిగింది.

“ఈడికి సముద్రం ఎంత దూరముంటది బిడ్డా?”

సముద్రం చాలా దూరం, కానీ సముద్రమంత సరస్సు రెండు గంటల దూరంలో ఉంది అన్నాను. సలిగుంటదా అని అడిగింది. గడ్డ కట్టించేంత చలి అన్నాను. అమ్మ ఇంటికొచ్చే దాకా కిటికీలోంచి చూస్తూ తనలో తాను నవ్వుకుంది. డాక్టర్ని అడిగాను. గుండె బాగానే ఉంది, మెల్లగా దిగాలి, లోతుకి పోకూడదు, పక్కన మనిషి ఉండాలి అన్నారు. జూన్ చివరి శనివారం వెళదామని అమ్మకి మాటిచ్చాను.

ఆ వారమే మా అన్న కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి వచ్చాడు, అమ్మని కొన్నాళ్లు తన దగ్గరికి తీసుకెళ్దామని. అన్న మంచివాడు. ఆ సంగతి ముందే చెప్పకపోతే తర్వాత చెప్పేది అన్యాయమవుతుంది. నాన్న ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నెలకి రెండుసార్లు విమానం ఎక్కి వచ్చాడు. కానీ శనివారం సంగతి వినగానే వాడి ముఖం మాడిపోయింది. అమ్మ పైన పడుకున్నాక వంటింట్లో నన్ను నిలదీశాడు. ఈ వయసులో ఆ నీళ్లలో ఏమన్నా అయితే ఎవరు రెస్పాన్సిబుల్, నీకు నోస్టాల్జియా కావాలంటే నువ్వు దూకు, అమ్మని లాగకు అన్నాడు. డాక్టరు మాట చెప్పాను. అడిగింది అమ్మే అని చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. చివరికి అసలు మాట బయటికి తీశాడు.

“అది మన ఊరు కాదు. దే నెవర్ వాంటెడ్ అస్ దేర్. నువ్వు ఉన్నావు కదా ఆ రోజు, చూశావు కదా.”

ఉన్నాను. చూశాను. నాకు ఎనిమిదేళ్లు, వాడికి పన్నెండు. కొట్టు ముందు ఐస్‌క్రీమ్ పట్టుకుని నిలబడ్డాం. వాడికంటే పెద్ద పిల్లలు ముగ్గురు వచ్చి, మీ దేశం పొండి అని, ఇంకా ఇక్కడ రాయడం ఇష్టం లేని మాటలు అని, తడి ఇసుక ముద్దలు చేసి వాడి మీదికి విసిరారు. కొట్టులో ఉన్నావిడ కిటికీలోంచి చూస్తూనే ఉంది, బయటికి రాలేదు. అన్న ఏడవలేదు. ఇంటికొచ్చి చొక్కా తనే ఉతుక్కున్నాడు. అమ్మకి చెప్పనని నాతో ఒట్టు వేయించుకున్నాడు. ఆ తర్వాత ఏ జూలైలోనూ వాడు సముద్రం దగ్గరికి రాలేదు. కడుపునొప్పి అని, పుస్తకమని, ఏదో ఒకటి చెప్పి అద్దె ఇంట్లోనే ఉండిపోయేవాడు.

అది జరిగిందని నేను ఎప్పుడూ కాదనలేదు. ఆ పిల్లలు గుర్తొస్తే ఈ రోజుకీ నా పిడికిలి బిగుసుకుంటుంది. కానీ ఆ పొగవాసన, ఆ మసక అద్దాలు, నీళ్ల మీద వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తున్న మా అమ్మ, ఇవన్నీ ఆ ముగ్గురికి రాసిచ్చి రావడానికి నాకేం కర్మ? అన్నకి అదే చెప్పాను.

“వాళ్లు మనల్ని వాళ్లవాళ్లు అనుకోకపోతే పోనీ అన్నా. ఆ ఊరు నాదని నేననుకున్నాను. నాకది చాలు.”

వాడు తల అడ్డంగా ఊపి, నీతో మాట్లాడి లాభం లేదన్నాడు. అయినా శనివారం కారు తనే డ్రైవ్ చేస్తానన్నాడు. అక్కడి దాకా వచ్చి అమ్మని ఆపాలని వాడి ఆలోచన. వాడు చెప్పకపోయినా నాకు తెలుసు.

శనివారం మబ్బు. గాలి. హ్యూరన్ సరస్సు ఒడ్డున జనం లేరు, ఒక ముసలాయన కుక్కని తిప్పుతున్నాడంతే. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎండగా ఉండి ఉంటే నిజంగా నిరాశపడేదాన్ని. కార్లోనే అన్న అమ్మతో మెత్తగా మాట్లాడాడు. చూశావు కదా అమ్మా, చాలు, పాదాలు తడుపుకుని వచ్చేయ్, మంచి చోట లంచ్ చేద్దాం అన్నాడు. అమ్మ అలాగే అన్నట్టు తల ఊపి కారు దిగింది. మళ్లీ నీ ఇష్టం అనే మనిషి అయిపోయిందనుకున్నాను.

నీటి అంచున వంగి, చేత్తో కాసిని నీళ్లు తీసుకుని నోట్లో పోసుకుంది. ఉప్పే లేదు, ఇదేం సముద్రం అని గొణిగింది. చెప్పులు విడిచింది. చున్నీ నడుముకి బిగించింది. నా చేయి పట్టుకుని ఒక్కో అడుగూ వేసుకుంటూ మోకాళ్లదాకా దిగింది, నడుందాకా దిగింది. ఆ చలికి నాకు ఊపిరి ఆగింది. అమ్మ మాత్రం బుసకొట్టినట్టు గట్టిగా ఒక ఊపిరి వదిలి, నా చేయి వదిలేసి, వెనక్కి వాలింది. ఇన్నేళ్ల తర్వాత, కొత్త మోకాలితో, నాన్న లేకుండా, తేలింది. నెరిసిన జుట్టు నీళ్లలో విచ్చుకుంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

అన్న ఒడ్డు మీదికి పరిగెత్తుకొచ్చాడు. లైఫ్‌గార్డ్ కూడా లేడు, అమ్మా, బయటికి రా, ప్లీజ్, చాలు అని కేకలు. అమ్మ కాళ్లు ఆనించి మెల్లగా నిలబడింది. పెదాలు నల్లబడ్డాయి. వాడి వైపు తిరిగి, కోపం లేకుండా, అన్నం తినడానికి పిలిచే గొంతుతో చెప్పింది.

“ఆ పోరగాళ్లు నిన్ను పొమ్మన్నరు, నువ్వు పోయినవ్. నాకు తెల్వదనుకున్నవా బిడ్డా? నన్ను గూడ అన్నరు, ఒక్కసారి గాదు. నేను పోలే.”

అన్న షూస్‌లోకి నీళ్లు వస్తున్నాయి, చూసుకోలేదు. ఎప్పుడు అన్నారు, ఎవరన్నారు, ఆ రోజు ఆ బాధ మా ముందు ఎలా దాచుకుని పులిహోర వడ్డించింది, నాకేమీ తెలియదు.

“తువ్వాల పట్టుకొని ఆడ నిలబడు. సలి పెట్టినంక నేనే వస్త,” అని అమ్మ మళ్లీ వెనక్కి వాలింది.