లేసు అంచు తువ్వాలు

మొన్న శుక్రవారం భోజనానికి పిలిచిన సహోద్యోగి చేతులు కడుక్కుని నిలబడితే, అమ్మ లేసు అంచు అల్లిన తువ్వాలు బీరువా అడుగునుంచి తీసిచ్చాను. కలరా ఉండల వాసన గుప్పుమంది. ఆయనది స్పెయిన్ పడమటి కొసనున్న గలీసియా, పోర్చుగల్‌కి పొరుగు. "మేం దీన్ని తొఆల్యా అంటాం, పోర్చుగీసులూ అంతే" అన్నాడు. అన్నం తింటూ ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు చెప్పాడు: అది అసలు జర్మన్ తెగల మాటట, బొత్తామూ వాళ్ళదేనట, ఫ్రాన్సు మీదుగా వచ్చిందట, బట్టలకి వీళ్ళనే 'రౌపా' అయితే గోతులనే తెగవాళ్ళ భాషలో దోపిడీ సొమ్మట. దోచుకున్న సొత్తు తొడుక్కుని దర్జాగా తిరిగారన్నమాట! అవే పోర్చుగీసు ఓడలెక్కి మన రేవుల్లో దిగాయి. వాటిలో రెండు మాటలు మా అమ్మను దోహాలో నిలబెట్టాయని ఆయనకేం తెలుసు?

నా చిన్నప్పుడు మేం దోహా పక్కనే ఉన్న అల్ రయ్యాన్‌లో, గోడలు కట్టి వాటాలుగా పంచిన పాత విల్లాలో ఉండేవాళ్ళం. నాన్న కంపెనీలో స్టోర్‌కీపరు. నరసాపురంలో అరుగు మీద లేసు అల్లుతూ పదిమందితో కబుర్లాడిన అమ్మకు ఇక్కడ తెలుగు తప్ప మరో ముక్క రాదు. కొట్టుకెళ్ళి కొత్తిమీర కొనాలన్నా ఆమె నోరు నేనే. వేసవి సెలవులకు టికెట్లు తీసిన రోజున నాన్నతో అనేసింది: "ఈసారెళ్తే మళ్ళీ రానండి. నోరుండీ మూగదాన్నైపోయేను." నాన్నొక్కడే ఇక్కడా, మేమిద్దరం అక్కడా అనుకుంటే నాకు అన్నం సయించేది కాదు.

ఆ వారమే దుమ్ముగాలి లేచింది. పెరట్లో దండెం మాకూ, పక్కవాటాలో ఉండే గోవా ఆవిడ లూర్దెస్ ఆంటీకీ ఉమ్మడి. బట్టలన్నీ ఎగిరి కలగాపులగమయ్యాయి. అమ్మా ఆంటీ ఇద్దరూ పరుగెత్తి ఏరుతుంటే, ఆంటీ చేతిలో మాది కనబడి అమ్మ "అది మా తువ్వాలు" అంది. "తువాలో!" అంది ఆంటీ. అమ్మ నమ్మలేనట్టు నాన్న చొక్కా చూపించి "బొత్తాం?" అంది. "బుతాంవ్!" పళ్ళ మధ్య ఇసుక కరకరమంటుంటే ఇద్దరూ పడీపడీ నవ్వారు. దోహాలో అమ్మ అంతలా నవ్వడం అదే మొదటిసారి.

ఆ తర్వాత సాయంత్రాలు ఆ దండెం కిందే గడిచాయి. అమ్మ తెలుగులో, ఆంటీ కొంకణిలో, చేతులు తిప్పుకుంటూ ఏం చెప్పుకునేవారో గానీ నన్ను మాత్రం పిలిచేవారు కాదు. ఊడిన బొత్తాలు ఏరుకుని ఆంటీ పిల్లలతో అష్టాచెమ్మా ఆడుతూ, ఉద్యోగం ఊడినవాడిలా కాస్త ఉడుక్కునేదాన్ని.

సెలవులకి నరసాపురం వెళ్ళాం. కాళ్ళకు మెత్తగా తగిలే గోదావరి ఒండ్రు, అమ్మమ్మ పులస పులుసు, రోజంతా కురిసే ముసురు, అన్నీ బావున్నా నాకు భయమే. ఒకరోజు అమ్మ రెండు కొత్త తువ్వాళ్ళకు లేసు అల్లుతూ కూర్చుంది.

"ఎవరికే అవి?" అంది అమ్మమ్మ.

"ఒకటి నాకు, ఒకటి లూర్దెస్‌కి."

"ఎలా పంపుతావే?"

"పంపడమేంటమ్మా, నేనే అట్టుకెళ్తాను."

నేను అమ్మ ఒళ్ళో తలపెట్టి ఏడ్చేశాను.

ఆ ఏడు క్రిస్మస్‌కి అమ్మ కజ్జికాయలు వత్తితే, ఆంటీ నెవ్రీలు పంపింది. చూస్తే అవీ కజ్జికాయలే. పెరడంతా కొబ్బరీ యాలకులూ కలిసిన వాసన.

ఇప్పుడా విల్లా లేదు. ఆంటీ గోవా వెళ్ళిపోయింది, అమ్మ దేవుడి దగ్గరికి వెళ్ళిపోయింది. మా ఫ్లాట్‌లో బట్టలు మిషన్‌లోనే ఆరతాయి, దండెం అనేదాన్ని మా అమ్మాయి చూడనే లేదు. అతిథి వెళ్ళాక ఆ తువ్వాలు ఉతికి కుర్చీ వీపు మీద ఆరేశాను.

"అంకుల్ ఆ టవల్‌ని ఏమన్నాడమ్మా?" అంది అమ్మాయి.

"మీ అమ్మమ్మ అన్నట్టే అన్నాడు" అన్నాను. మా అమ్మాయికి టవల్ అనడం నేర్పింది నేనే. అమ్మ పోయాక ఈ ఇంట్లో ఆమె మాట పలికింది ఆయనొక్కడే.